ఎడమవైపు సముద్రం

డిష్ ఇంటికొచ్చి మూడు రోజులైంది. అట్టపెట్టెలోంచి ఇంకా బయటికి రాలేదు. వచ్చిన పనేమిటో చెప్పకుండా కూర్చున్న చుట్టంలా ముందుగదిలో గోడకు జేరబడి ఉంది. వచ్చేపోయేవాళ్ళు దానికి కాలు తగిలించుకుని, "అబ్బా!" అనుకుని తప్పుకుంటున్నారు.

పోయినవారం చిక్కు ఎక్కడ పడిందో గుర్తుందిగా? డాబా మీద గట్టిగా పాతిన ఇనపగొట్టం ఒకే ఒక్కటి. దాని తలమీద మామగారి యాంటెన్నా. మిగతాచోట్ల ఎక్కడ బోల్టు కొట్టినా వానాకాలంలో కింద గదుల్లో గిన్నెలు పెట్టుకోవాల్సిందేనని డిష్ మెకానిక్ తేల్చేశాడు. పైగా ఒకవైపు నీళ్ళ ట్యాంకు, ఇంకోవైపు పక్కింటి మూడంతస్తుల గోడ ఆకాశాన్ని మూసేశాయి. గొట్టాన్ని నడుమెత్తుకి కోసి దానికే డిష్ బిగించాలి. పొడుగు గొట్టమైతే గాలికి ఊగుతుందట, బొమ్మ నిలవదట. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా. అందుకని కొలతలు చూసి, యాంటెన్నా బిగింపు వదులుచేసి, నిచ్చెనకి అడ్డమని బట్టల దండెం విప్పేసి, "ఆదివారం మధ్యాహ్నం వస్తానండీ" అని వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం ఇదే. పొద్దున్నే తగవు మొదలైంది. డిష్ గురించి కాదు, దుప్పటి గురించి.

"ఏమే! ఆ తీగమీద తడిబట్ట వెయ్యొద్దని నీకెన్నిసార్లు చెప్పాలి?" ముందుగదిలో కుర్చీలోంచి మామగారి కేక. యాంటెన్నా పడిపోకుండా గొట్టం నుంచి పిట్టగోడకు లాగి కట్టిన తీగ గురించి ఆయన బాధ.

"దండెం విప్పేసి పోయాడు మహానుభావుడు. నా నెత్తిమీద ఆరేసుకోనా?" డాబా మీంచి అత్తగారి జవాబు.

"జేబురుమాలైతే సరే. అది దుప్పటి! తడిస్తే దూడంత బరువు!"

"మధ్యాహ్నానికి ఊడబెరికే దానికి ఇప్పుడు మర్యాదలా? ఇల్లు ఖాళీ చేసేవాడు గోడలకు సున్నం కొట్టించుకున్నట్టుంది!"

మెట్లమీద కూర్చుని బకెట్లో బట్టలు పిండుతున్న కోడలు ఇద్దరి మాటలూ ఇటువి అటు, అటువి ఇటు మోస్తోంది. అత్తగారికి చెవులు కాస్త మందం. మంచిమాట సగమే వినిపిస్తుంది, చెడ్డమాట మాత్రం పూర్తిగా వినిపిస్తుందని మామగారి ఎత్తిపొడుపు. ఈసారి సున్నం మాట వినపడ్డాక ఆయన మరి నోరెత్తలేదు.

ఆ నోరెత్తకపోవడమే కోడలికి మూడు రోజులుగా ముల్లులా గుచ్చుకుంటోంది. డిష్ కావాలన్నది ఆమే. ఫిజిక్సు డిగ్రీ చదివిన మనిషి. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో చుక్కల వాన మధ్య సగం ముఖాలు, ఒకటిన్నర మనుషులు చూసి చూసి విసిగిపోయింది. ఎక్కడో ముప్ఫై ఆరువేల కిలోమీటర్ల ఎత్తున, మేకు కొట్టినట్టు కదలకుండా నిలబడ్డ ఉపగ్రహం నుంచి తన ముందుగదిలోకి బొమ్మ దిగడం అంటే మాటలా అనుకుంది. భర్త సరేనన్నాడు. కూతురు చిట్టి ఎగిరి గంతేసింది. మామగారు మాత్రం వద్దనలేదు, ఊఁ అనలేదు. వద్దంటే వాదించొచ్చు. ఏమీ అనని మనిషితో ఎలా గెలుస్తాం?

మామగారు ఒకప్పుడు రేడియో మెకానిక్. వీధిలో ఆయన్ని ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆయన 'అవతలిగట్టు మాస్టారు'. కాపురానికొచ్చిన కొత్తలో ఆ పేరెందుకని కోడలు అడిగితే, కళ్ళద్దాల షాపు నడిపే భర్త నవ్వేశాడు. "నేను స్కూల్లో ఉన్నప్పుడు, సముద్రం అవతలి ఒడ్డున ఉన్న దేశం టీవీలో కనపడిందని ఊరంతా చెప్పాడు నాన్న. ఏం చూశాడో ఏమో. మా అమ్మతో సహా ఒక్కళ్ళూ నమ్మలేదు" అన్నాడు. అంతకు మించి ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. కిళ్ళీకొట్టు దగ్గర మాత్రం ఇరవై రెండేళ్ళుగా ఒకటే పలకరింపు. "ఏం మాస్టారూ, అవతలిగట్టు కబుర్లేమిటి?" ఆయన తలవంచుకుని వెళ్ళిపోతాడు.

తొమ్మిది దాటింది. ముందుగదిలో చిట్టి కేకపెట్టింది. "అమ్మా! బొమ్మ దాక్కుంది!"

ఆ ఇంట్లో బొమ్మ 'పోయింది' అనకూడదు. అలా అని చాలా ఏళ్ళ కిందట ఒక గొడవైంది. డాబా మీద యాంటెన్నా తిప్పుతూ మామగారు "వచ్చిందా?" అంటే, కింద నుంచి అత్తగారు "పోయింది! అయ్యో, పూర్తిగా పోయింది!" అని అరిచారు. అప్పుడు వెనకగదిలో ముసలామె, మామగారి తల్లి, జ్వరంతో పడుకుని ఉంది. పక్కింటివాళ్ళు గుండెలు బాదుకుంటూ వచ్చేశారు. వాళ్ళ ఏడుపులకి లేచి కూర్చున్న ముసలామె, "ఎవరే పోయింది?" అని అడిగిందట. అప్పట్నుంచీ ఆ ఇంట్లో బొమ్మ పోదు. దాక్కుంటుంది.

"నానమ్మ దుప్పటి వేసింది కదా, యాంటెన్నా తిరిగిపోయుంటుంది" అంది కోడలు చేతులు తుడుచుకుంటూ.

"నేను పక్కింట్లో చూసుకుంటా పో!" చిట్టి చెప్పులైనా వేసుకోకుండా తుర్రుమంది. భర్త అప్పటికే పొడుగు నిచ్చెన కోసం బయటికెళ్ళాడు.

కోడలు మెట్లెక్కి యాంటెన్నా సరిచేద్దామనుకుంది. ఒక కాలు మొదటి మెట్టు మీద వేసింది.

"ఆగు, అమ్మాయ్."

మూడు రోజుల్లో మామగారు ఆమెతో అన్న మొదటి మాట అది. ఆయన కుర్చీలో ముందుకు వంగి ఉన్నాడు. రెండు కళ్ళలో శుక్లాలు, టీవీలో బొమ్మ ఆయనకి వెలుగు మరకలా తప్ప కనపడదు. కానీ ఆయన చూడటం లేదు, వింటున్నాడు.

"ఏం మామయ్యగారూ?"

"ఆ బుసబుస వినపడుతోందా? అది ఉత్త చప్పుడు కాదు. దాని వెనకాల ఎవరో ఉన్నారు." ఆయన కుడిచెయ్యి గాల్లో లేచింది, తలుపు అవతల మనిషి ఉన్నప్పుడు చప్పుడు చెయ్యొద్దని ఎత్తినట్టు. ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న మణికట్టు. "బయట గాలి ఎలా ఉంది?"

ఆమె కిటికీలోంచి చూసింది. గాలి లేదు. కిటికీ తెర అంచు కూడా కదలడం లేదు. ఎదురింటి పొగగొట్టం లోంచి పొగ పైకి పోకుండా కొంతదూరం లేచి, ఎవరో గీత గీసినట్టు అక్కడే పక్కలకు పరుచుకుంటోంది. ఆ పొగకి పైన ఏదో కనపడని మూత ఉన్నట్టుంది.

"పొగ పరుచుకుంటోంది మామయ్యగారూ."

ఆయన టీవీ వైపు చెయ్యి చూపాడు. "ఇలా వచ్చి కూర్చో. మీట మెల్లగా తిప్పు. వెంట్రుకవాసి. నేనేమీ చెప్పను. నువ్వు చూసిందే నువ్వు చెప్పు."

ఆమె టీవీ ముందు నేలమీద కూర్చుని ఛానల్ మీట వేలికొసలతో తిప్పింది. చుక్కలు. చుక్కలు. నల్లగీతలు అడ్డంగా పరిగెత్తాయి. తర్వాత చుక్కల్లోంచి, నీళ్ళ అడుగునుంచి తేలినట్టు, ఒక ముఖం లేచింది.

ఒకావిడ బల్ల వెనక కూర్చుని కాగితం చదువుతోంది. మాట మొదట ముక్కలు ముక్కలుగా, తర్వాత తేటగా వచ్చింది. ఆ భాష కోడలికి తెలియదు, అలాంటి భాష ఒకటుందనీ తెలియదు. ఒక్క మాటైనా అర్థం కాలేదు. అయినా ఆవిడ వార్తలే చదువుతోందని, ఏదో చోట వంతెనో గోడో కూలిందని, ఎవరికో బాధ కలిగిందని ఆ గొంతు తగ్గిన తీరులోనే తెలిసిపోయింది.

"ఎవరో ఆవిడ... మన భాష కాదు..." కోడలి గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వెనక గోడకి గడియారముంది. పది... పదీ నలభై." తలతిప్పి తమ గడియారం చూసింది. తొమ్మిదీ పది. చేతులమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. వాళ్ళకి అప్పుడే పొద్దు బాగా ఎక్కింది. అదే సూర్యుడు, వాళ్ళ డాబాల మీద ముందు వెలిగి, ఆ నీళ్ళన్నీ దాటి, తర్వాత తమ డాబా మీదికి వచ్చాడు.

కుర్చీ చేతిని పట్టుకున్న మామగారి వేళ్ళు తెల్లబడ్డాయి.

బొమ్మ మారింది. ఒక దేశపటం. దానిమీద మబ్బులు, వాన చినుకుల గుర్తులు. కోడలు దాన్ని చూసి చూసి, ఏదో తప్పుగా ఉందనుకుంది. ఏమిటో మొదట తెలియలేదు. పుట్టినప్పటినుంచీ చూసిన పటాలన్నిట్లో నేల ఎడమపక్క, సముద్రం కుడిపక్క. ఇది తిరగబడి ఉంది. అద్దంలో చూసినట్టు.

"ఇదేమిటి మామయ్యగారూ! సముద్రం ఎడమవైపుంది!"

వెనక కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి నిలబడ్డాడు. "మళ్ళీ చెప్పు."

"ఎడమవైపు సముద్రం. కుడివైపు నేల. ఒడ్డంతా వాన గుర్తులు..."

అప్పుడు తెలిసొచ్చింది ఆమెకి. అది తమ సముద్రమే. ఊరి చివర రెండుమైళ్ళలో, సెలవురోజున కాళ్ళు తడుపుకునే నీళ్ళే. దాన్నే ఎదుటి ఒడ్డున నిలబడ్డవాళ్ళు అలా చూస్తారు. ఇన్నాళ్ళూ ఆమె దృష్టిలో ఆ నీళ్ళకి అంతు లేదు. ఆ అంతున ఇళ్ళున్నాయి, గడియారాలున్నాయి, వాన వస్తుందని చెప్పే ఆడమనిషుంది. అక్కడి ఏ కోడలో ఈ క్షణాన డాబా మీద బట్టలు తియ్యడానికి పరిగెడుతూ ఉంటుంది.

చల్లగాలి కింద, వేడిగాలి పొర పైన. ఆ రెంటి మధ్య తరంగం చిక్కుకుని, సొరంగంలో పోయినట్టు నీళ్ళమీదుగా వందల మైళ్ళు సాగిపోతుంది. కాలేజీలో నాలుగు మార్కుల ప్రశ్నకి ఆమె రాసిన జవాబే అది. మూడున్నర వచ్చాయి కూడా. ఆ జవాబు ఇవాళ నడిచొచ్చి ముందుగదిలో కూర్చుంది. ఉపగ్రహం నుంచి వచ్చేది మనకని పంపితే వస్తుంది. ఇది ఎవరూ పంపలేదు. ఎవరి ఇంటికో బయల్దేరి, దారితప్పి, సముద్రం దాటి, ఒక తడి దుప్పటి తిప్పిన దిక్కున వీళ్ళింట్లో దిగింది.

"అత్తయ్యగారు చూడాలి!" ఆమె ఒక్క గంతులో మెట్ల దగ్గరికి పరిగెత్తింది. దుప్పటి కదిలితే అంతే సంగతులు. "అత్తయ్యగారూ! ఉంచండి! దుప్పటి ఉంచండి! ఉంచి కిందికి రండి!"

"ఆఁ?"

"ఉంచండీ!"

"దించుతున్నానమ్మా, దించుతున్నా! తాతకీ మనవరాలికీ కోడలికీ నా దుప్పటే దొరికింది సాధించడానికి!"

తడి దుప్పటి తీగమీంచి జారిన చప్పుడు, గొట్టం కీచుమన్న చప్పుడు ఒకేసారి వినిపించాయి. కోడలు వెనక్కి పరిగెత్తింది. చుక్కలు. చుక్కలు. ఆ మధ్యలో ఒక్క క్షణం పటం అంచు వణికి, మునిగిపోయింది.

"పోయింది!" అనేసింది ఆమె, ఇంటి కట్టుబాటు మరిచిపోయి. కళ్ళనిండా నీళ్ళు. "పోయింది మామయ్యగారూ..."

"పోలేదమ్మా." ఆయన మెల్లగా కూర్చున్నాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది. "దాక్కుంది."

ఆయనే చెప్పుకొచ్చాడు, టీవీ బుసబుస మధ్యనే. "అప్పుడూ ఇలాంటి పొద్దే. నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ తర్వాత రెండేళ్ళు పొద్దున్నే డాబా ఎక్కి యాంటెన్నా సముద్రం వైపు తిప్పేవాణ్ణి, ఇంకొక్కసారి వస్తే ఎవరికైనా చూపిద్దామని. ఒకరోజు జారిపడ్డాను. సోల్డరింగు చేసే చెయ్యి." వంకర మణికట్టు చూపించాడు. "ఇక ఆ యాంటెన్నా కొండమీది టవర్ వైపు తప్ప తిప్పనని మీ అత్తగారు నాచేత ఒట్టు వేయించుకుంది. వేశాను. తప్పలేదు. ఇవాళ తిప్పింది నేను కాదు చూడు, ఆవిడ దుప్పటే."

భోజనాల వేళకి అందరూ చేరారు. డిష్ మెకానిక్ కూడా వచ్చాడు. తినమంటే, తినే బయల్దేరానన్నాడు. "అయితే మీరు పైన కానివ్వండి, ఈలోగా మేం నాలుగు మెతుకులు తినేస్తాం" అని భర్త అతన్ని డాబా మీదికి పంపి వచ్చి చెయ్యి కడుక్కున్నాడు. కోడలు అప్పుడు వంటింట్లో కంచాలు సర్దుతోంది, ఆ మాట వినలేదు.

పొద్దున తను చూసిందంతా కోడలు అందరికీ చెప్పింది. భర్త ముద్ద కలుపుతూ నవ్వాడు. "రేపు షాపుకిరా, నీక్కూడా అద్దాలు రాస్తాను."

"నాన్నా, అమ్మ అబద్ధం చెప్పదు" అంది చిట్టి. పక్కింటికి పోయి తనేం పోగొట్టుకుందో తెలిసి పొద్దుట్నుంచీ గోళ్ళు కొరుక్కుంటోంది.

మామగారు గొంతు సవరించుకున్నాడు. "మెకానిక్‌ని కానివ్వమనండి. యాంటెన్నాతో నాకిక పని లేదు."

అందరూ చేతులు ఆపేశారు.

"అది కాదు మామయ్యగారూ, ఇవాళ చూశాక నేనే..." అంది కోడలు. తొమ్మిదేళ్ళు కోరుకున్నది చేతికందితే ఇలా ఉంటుందని ఆమె అనుకోలేదు.

"బొమ్మ కోసం ఉంచలేదమ్మా దాన్ని. ఒక్కరు, ఒకే ఒక్కరు 'అవును, నేనూ చూశాను' అంటే చాలనుకున్నాను. అన్నావు. చాలు. పిల్ల హాయిగా డిష్ చూసుకుంటుంది."

అత్తగారు తల ఎత్తలేదు. కంచంలో అన్నాన్ని వేలితో గీతలు గీస్తూ ఉన్నారు. గోడతో మాట్లాడుతున్నట్టు అడిగారు. "అమ్మాయ్, ఆ పటంలో సముద్రం ఎటుంది?"

"ఎడమవైపు అత్తయ్యగారూ."

"అలా చెప్పమని మీ మామగారు చెప్పారా?"

"లేదు. ఆయన ఏమీ చెప్పనన్నారు. చెప్పలేదు కూడా."

"గడియారం?"

"మనకంటే గంటన్నర ముందు."

అత్తగారి వేలు ఆగిపోయింది. కంచంలో అప్పటికే ఒక ఒడ్డు గీసి ఉంది. అన్నం కుడివైపుకి నెట్టి ఉంది, ఎడమవైపు ఖాళీ.

"ఆరోజు ఈయన నాతో అన్నది అక్షరం అక్షరం ఇదే" అన్నారు నెమ్మదిగా. "ఎడమవైపు సముద్రం అన్నాడు. గంటన్నర అన్నాడు. నేను కిళ్ళీకొట్టు వాళ్ళకంటే ముందు నవ్వాను. ఆ పేరు ఊళ్ళోవాళ్ళు పెట్టింది కాదు. నీళ్ళ పంపు దగ్గర నేనే అన్నాను, 'మా ఆయన అవతలిగట్టు మనిషి' అని. ఈయనకి తెలియదు."

"తెలుసు" అన్నాడు మామగారు.

ఆ ఒక్కమాటకి అత్తగారు తలెత్తి భర్త కేసి చూశారు. ఎన్నేళ్ళుగానో చూస్తున్న ముఖాన్ని ఇప్పుడే ఎవరో తెచ్చి అక్కడ కూర్చోబెట్టినట్టు చూశారు. తర్వాత ఎడమచేత్తో చెంగు లాక్కుని దులిపి, అందరికీ వినపడేలా చెప్పారు.

"వినండి. మీ ఒట్టు మీకు తిరిగిచ్చేశాను. రేపు పొద్దున కాదు, ఎన్ని పొద్దులైనా సరే, అబ్బాయి డాబా ఎక్కి యాంటెన్నా సముద్రం వైపు తిప్పుతాడు, టీవీ ముందు నేను కూర్చుంటాను. కోడలు చూస్తే సరిపోతుందా? కట్టుకున్నదాన్ని నేను చూడొద్దూ? అవసరమైతే దుప్పటి రోజుకోటి తడిపి ఆరేస్తాను. డిష్ పెట్టుకోవడానికి ఇంకో దారి వెతుక్కోండి. ఆ యాంటెన్నా మాత్రం దించడానికి వీల్లేదు. ఉంచాలి."

మామగారి పెదవి చిన్నపిల్లాడి పెదవిలా వణికింది.

అంతలో పైనుంచి ఒక చప్పుడు. రంపపుపళ్ళు ఇనుముని కొరుకుతున్న చప్పుడు. కర్ర్... కర్ర్...

కోడలు భర్త ముఖం చూసింది. అతను ముద్ద కంచంలో వదిలేసి, ఎంగిలిచేత్తోనే మెట్ల దగ్గరికి పరిగెత్తాడు.

"ఏమండోయ్ మెకానిక్‌గారూ! ఉంచండి! ఉంచండీ!"

రంపం ఒక్క క్షణం ఆగింది. పైనుంచి హుషారైన గొంతు దిగొచ్చింది.

"ఆఁ ఆఁ, కంగారు పడకండి సార్! దించేస్తున్నాను!"